నిశ్శబ్దమందిరమున సవర పలుకు

శిశిరావసానమున జీడిమామిడి పూతల వగరుసౌరభమును మోసికొని వచ్చిన సముద్రానిలము ప్రభుత్వ విశ్వవిద్యాలయ సౌధవాతాయనముల తెరలను చెల్లాచెదరు చేయుచుండ ఊరెల్ల ఉల్లాసముగా నున్న యా యుదయమున భాషాశాఖవారి ముఖములు మాత్రము వాడియుండెను.

కొండభాషల పలుకులను విద్యార్థులకై యంత్రములందు భద్రపఱుప సంకల్పించిన పాలకమండలివారు నాటి సాయంకాలములోపల మున్నూఱు మాటలు చేరని భాషను పట్టికనుండి తొలగింపుడని యుత్తరువిచ్చిరి. సవరభాషకు ఒక్క మాటయు చేరలేదు. పరిశోధకురాలు హైమవతి మూడేండ్లు కొండలెక్కి యంత్రమునకెక్కించి తెచ్చిన పలుకులన్నిటిని కోడికూతలు కలిసినవని శాఖాధ్యక్షులు చిదంబరాచార్యులవారు త్రోసిపుచ్చియుండిరి. నిశ్శబ్దమైన గదిలో ఒక్క కంఠమే వినబడవలెననుట వారి నియమము. ఔరా, ఏమి నియమము!

అందుచే కొండదిగి వచ్చిన సవర సుక్కమ్మ యను వృద్ధురాలు ఆ గదిలో ఒంటిగా కూర్చుండెను. కాఫీ యిచ్చిరి, త్రాగెను. అరటిపండ్లిచ్చిరి, తినెను. మాట మాత్రము పెగలలేదు. మధ్యాహ్నమైనది.

ఆచార్యులవారు తలుపు తెఱచి "ఏమమ్మా, భయంగా ఉందా?" అని యడిగిరి.

"బయమేటి బాబూ? ఊ కొట్టీవోల్లు నేకండా ఎవులికి సెప్పీది? గోడకి మాట సెప్తే మా కొండమీద ఎర్రోల్లంతారు."

"మాష్టారూ, టైము లేదండి. నన్ను లోపలికెళ్ళి ఊ కొట్టనివ్వండి" అని హైమవతి కన్నీళ్ళ పర్యంతమయ్యెను.

"నువ్వు యంత్రం చూసుకో. నియమం నాది, చెడగొట్టేదీ నేనే" అని పలికి శాస్త్రపారంగతులును సభాభీకరులును నగు నాయాచార్యులవారు పాదరక్షలు విడిచి అవ్వ యెదుట నేలపై చతికిలబడి "ఊ" అనిరి.

అంతే! ఏఱు, ఎలుగుబంటి, కందమూలము, కోడలి యలుక, అన్నియు సవరభాషలో నామె నోట జలజల రాలెను. ఒకమాఱు ఆచార్యులవారు తామును ఒక సవరమాట ననబోగా అవ్వ వారి మోకాలిపై చఱచి "నాలిక కాలినట్టు అంతన్నావేటి బాబూ!" అని పకపక నవ్వెను. ప్రొద్దు గ్రుంకకమునుపే మాటలు నన్నూఱు దాటెను. ఆచార్యులవారు తమ నియమమును తామే కొట్టివైచిరి. సవరభాష నిలిచెను. హైమవతి యేడ్చుచు నవ్వెను.

ఆచార్యులవారు లేవబోగా అవ్వ వారి చేయి పట్టుకొనెను. "ఇంతసేపూ నానే సెప్పినాను గదా. ఇప్పుడు నువ్వు సెప్పు బాబూ, నాను ఊ కొడతాను."

నలువది సంవత్సరములు నిద్రాముకుళితనేత్రులగు శిష్యుల యెదుట ఉపన్యసించి యొక్క ఊయైన నెఱుగని యా మహాపండితుడు ఇల్లు మఱచి, తన చిన్ననాటి ముచ్చట నొకదానిని మెల్లగా నెత్తుకొనెను. మొదటి మాటకే అవ్వ "ఊ" అనెను.