బూడిదలో పాము జాడ

గంప ఎత్తగానే బూడిదలో పాము జాడ కనిపించింది.

మొన్న అండాలు పెనిమిటి మల్లప్ప ప్రాణం విడిచిన చోటు అది. పోయినవాడు ఏ జన్మ ఎత్తాడో తెలుసుకోవడానికి రాత్రి అక్కడ జల్లించిన బూడిద పరిచి, పక్కన దీపం పెట్టి, గంప బోర్లించారు. పిట్ట కాలో, ఆవు గిట్టో పడి ఉంటుందని అందరూ అనుకున్నారు. అత్త ఈదమ్మ వంగి చూసి, కొడుకుది పాము జన్మేనని తేల్చేసింది.

అండాలు నమ్మలేకపోయింది, నమ్మకుండానూ ఉండలేకపోయింది. సాగర్ ఆనకట్ట పనికి పోయినప్పుడు మల్లప్ప అక్కడొక గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. అప్పటినుంచి కల్లు ముట్టలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తనకిక పుట్టుక లేదని నవ్వుతూ చెప్పేవాడు. అటువంటి మనిషి ఇప్పుడు పుట్టల్లో పాకుతున్నాడా?

"చేన్లకు పోయేటోళ్లకు చెప్పుర్రి. పాము కనబడితే కొట్టొద్దని" అంది ఈదమ్మ.

ఆ మాటతో అండాలు చూరు కేసి చూసింది, గాదె కిందికి చూసింది. కాలు ఎక్కడ మోపాలన్నా భయమే. అప్పుడే గడప పక్కన చిప్పలో పాలు కనిపించాయి. పాముకు పెట్టే పాలు. గంప ఎత్తింది ఇప్పుడే గదా, ఆ పాలకు అప్పుడే చీమలు ఎలా పట్టాయి?

ఎవరు పెట్టారని అడిగింది. ఈదమ్మ తాను కాదంది. మరిది కురుమయ్య తలెత్తలేదు. అన్నతో పాటే ఉపదేశానికి కూర్చుని, సగంలో భయపడి లేచి వచ్చినవాడు అతను.

అండాలు అతని ఎదుటికి పోయి నిలబడింది.

"పామని నీకు ముందే ఎట్ల ఎరుక, కురుమయ్యా?"

కురుమయ్య గోడకు ఒరిగి అలాగే కూలబడ్డాడు.

"నేనే గీసిన వదినె. పొద్దుగాల మీరు లేవకముందే గంప లేపి చూసిన. ఏం లేదు. పిట్ట కాలు లేదు, పురుగు జాడ గూడ లేదు. పరిచిన బూడిద పరిచినట్టే ఉన్నది. అన్న అన్నంత పని చేసిండు. నాకు కాళ్లు చేతులు ఆడలే. ఇగ ఏ జల్మలనూ మనకు కనబడడు గద. పామైతే పుట్టలనన్న ఉంటడు, పాలు పెడితే వస్తడు అనుకున్న. గందుకే వేలుతోని గీసిన. అన్న యాడా లేడంటే నాకు భయమైతాంది వదినె."