అట్ట లేని నవల

నందిని తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరింది. ఆరేళ్ళకి లైబ్రరీ గదిలో కంప్యూటర్లు పెట్టారు. పుస్తకాలను మెట్ల కింద బీరువాల్లో సర్ది తాళం వేశారు, ఆమెను అడ్మిషన్ల కౌంటరులో కూర్చోబెట్టారు. పుస్తకాల గురించి మాట్లాడే మనిషి లేక, ఆన్‌లైన్‌లో ఒక చదువరుల బృందం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి ఫోన్లలో వీడియో కాల్‌లో కలుసుకోవడం, గంటసేపు మాట్లాడుకోవడం. మొదట్లో పంతొమ్మిది మంది ఉండేవాళ్ళు. మూడో ఏడాదికి నలుగురు మిగిలారు. నందిని, ఐరాలలో పాల కేంద్రం చూసుకునే భారతమ్మ, చిత్తూరులో వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న బాలసుబ్రమణ్యం, సత్యవేడులో రిటైరైన బస్సు కండక్టరు దేవరాజులు.

ఒక ఆదివారం ఎవరెవరు ఎలా చదువుతారో చెప్పమని అడిగింది నందిని.

"పాలు పోసేవాళ్ళు వచ్చేలోపల ఆరు పేజీలు సదువుతా," అంది భారతమ్మ. "క్యాను మూత మీద పెట్టుకొని. నా పుస్తకాలన్నీ పాల వాసనే."

బాలసుబ్రమణ్యం ముందు ఆఖరి పేజీ చదువుతాడట. "కోర్టులో వాయిదాలు సూసి సూసి, ముగింపు తెలీకుండా దేన్నీ మొదలుపెట్టలేకుండా ఉండా," అన్నాడు.

దేవరాజులు వంతు వచ్చింది. "నాకు నిలబడి సదివితేనే ఎక్కుతాది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడినోణ్ణి గదా. ఇప్పుడుగూడా ఇంట్లో కిటికీ కమ్మి పట్టుకొనే సదువుతా. మా ఇంటామె నవ్వుతాది."

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకానికి పేరు లేదు. ఎప్పుడో పుత్తూరు బస్సులో వెనక సీటు కింద దొరికింది. అట్ట చిరిగిపోయింది, మొదటి నాలుగు కాగితాలు లేవు. బావులు తవ్వే ఒక మనిషి కథ. ఊరూరూ తిరిగి తవ్వుతాడు, ఎక్కడా నీళ్ళు పడవు. ఆయన దాన్ని ముప్పైసార్లకు పైగా చదివాడు. ఎవరు రాశారో కనుక్కుందామని అందరూ తలా ఒక చోట విచారించారు, తెలియలేదు. చివరికి ఆ నవలనే బృందంలో చదువుకుందామని భారతమ్మ అంది. దేవరాజులు రెండు రోజులు కూర్చుని పేజీ పేజీ ఫోనులో ఫోటో తీసి పంపించాడు. వారానికి ఒక అధ్యాయం ఆయన పైకి చదివేవాడు. మిగతావాళ్ళు ఫోటోల్లో చూస్తూ వినేవాళ్ళు.

ఆయన గొంతు పెద్దది. స్టాపుల పేర్లు అరిచి అరిచి గట్టిపడిన గొంతు. బావి తవ్వేవాడికి సద్ది తెచ్చే ఆడమనిషి మాటలు చదివేటప్పుడు మాత్రం బాగా తగ్గించేవాడు. కౌంటరులో వారమంతా ఫీజుల సంగతి చెప్పి చెప్పి విసిగిపోయిన నందినికి ఆ గంట చాలా పెద్ద ఆసరాగా ఉండేది. ఒకసారి సార్ అని పిలిస్తే, "సార్ అంటే ఎవురినో అనుకుంటా పాపా, సిన్నాయనా అను," అన్నాడు. అప్పటినుంచీ అలాగే పిలిచేది.

ఏడో అధ్యాయం అయ్యాక దేవరాజులు మూడు వారాలు రాలేదు. ఒంట్లో బాగలేదని భార్య మునెమ్మ చేత చెప్పించాడు. నాలుగో వారం వచ్చాడు. కొంచెం చిక్కినట్టు కనిపించాడు గానీ గొంతు అదే. ఎనిమిదో అధ్యాయం చదివాడు. తర్వాతి వారం తొమ్మిదోది. నందినికి ఏదో తేడాగా అనిపించింది. ఆయన చదివే వాక్యాలు ఫోటోలో ఉన్న వాక్యాలతో కలవడం లేదు. ముందుది వెనక, వెనకది ముందు. ఒక పేరా మొత్తం దాటిపోయాడు. పేజీలు మాత్రం తిప్పుతున్నాడు.

పదో అధ్యాయం రోజు బాలసుబ్రమణ్యం ఆగలేకపోయాడు.

"అన్నా, రోంత ఆగన్నా. నువ్వు సదివింది ఈడ లేదే. నూట పన్నెండో పేజీయేనా నువ్వు సూస్తాండేది?"

దేవరాజులు చేతిలో ఉన్న పుస్తకం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నూట పన్నెండేనప్పా."

"మళ్ళీ మొదటి లైను సదువన్నా, నేను పట్టుకుంటా."

ఆయన పుస్తకం ఇంకా దగ్గరకు పట్టుకున్నాడు. ముఖమంతా చెమట. "సిగ్నలు పోతా ఉండాది," అన్నాడు. తెర మీద ఆయన బొమ్మ పోయింది. బాలసుబ్రమణ్యం అడిగినందుకు నొచ్చుకున్నాడు. "నేనేమీ తప్పుగా అడగలేదు గదా నందినమ్మా," అని రెండుసార్లు అన్నాడు.

మరుసటి శనివారం నందిని సెలవు పెట్టి పుత్తూరు, నాగలాపురం మీదుగా సత్యవేడుకు పోయింది. మునెమ్మ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. లోపల దేవరాజులు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేచి వస్తూ కుడివైపు ఉన్న స్టూలుకు తగిలి తూలాడు. స్టూలు మీద నీళ్ళ చెంబు పడింది.

"కుడిపక్క కంటికి ఆనదమ్మా ఆయనకు," అంది మునెమ్మ, నీళ్ళు తుడుస్తూ. "మదరాసు డాక్టరు పొటోలు తీసి సెప్పినాడు. కండ్లు బాగుండాయంట. తలకాయిలో ఒగ నరానికి నెత్తురు అందలేదంట. అక్షరాలు గుర్తుపట్టే జాగా సచ్చిపొయ్యిందంట."

"తిరిగి వస్తుందని ఏమన్నా చెప్పినారా పిన్నమ్మా?"

"రాదన్నాడు."

దేవరాజులు ఒక నోటుబుక్కు, పెన్ను అడిగి తీసుకున్నాడు. వంగి రాశాడు. గుండ్రంగా, స్పష్టంగా తన పేరు, ఊరు పేరు, కింద నందిని పేరు. పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"రాసేది వస్తాది. ఇప్పుడు దీన్ని సదవమంటే నాకు రాదు. గీతలు ఆనుతాయి. అయ్యి ఏందో తెలీదు. నేను రాసిందే నాకు తెలీదు పాపా."

"మరి ఆ మూడు అధ్యాయాలు..."

"కంఠతా సెప్పినా. తెలీదులే అనుకున్నా." ఆయన తల ఎత్తలేదు. "మీరంతా పోతారేమోనని."

మునెమ్మ పక్కింటి పిల్లను పలకతో పిలిపించి నెల రోజులు అక్షరాలు దిద్దించిందట. 'అ' మీద వేలు తిప్పితే చెప్పగలడు. వేలు తీసి చూస్తే చెప్పలేడు. ఒక రోజు పలక నేలకేసి కొట్టాడట. ఆ తర్వాత మునెమ్మ మళ్ళీ ఆ పిల్లను పిలవలేదు.

"నేను సదివి వినిపిస్తా సిన్నాయనా," అంది నందిని. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

ఆ వారం నుంచి రోజూ కాలేజీ అయ్యాక బస్టాపులో నిలబడి ఫోను చేసేది. తన ఫోనులో ఉన్న ఫోటోలు చూస్తూ ఎనిమిదో అధ్యాయం నుంచి రోజుకొకటి చదివేది. ఆయన అవతల ఊ కొట్టేవాడు. మొదటి మూడు రోజులు బాగానే జరిగింది. నాలుగో రోజు మధ్యలో ఆపాడు.

"ఆడ ఒగ మాట ఉండాది సూడు. మూడో బాయి ఎండిపొయినాక, ఆయమ్మ సద్ది పెడతా అడుగుతాది, ఏం మిగిలిందీ అని. వాడంటాడు. 'నీళ్ళు పడకపోయినా తవ్విన లోతు నాదే' అంటాడు. అది దాటుకున్నావు."

నందిని వెనక్కి పోయి చూసింది. ఆడమనిషి అడగడం ఉంది. వాడు జవాబు చెప్పకుండా చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. అంతే ఉంది.

"ఈ పేజీలో లేదు సిన్నాయనా. ముందెక్కడన్నా ఉండాదేమో సూస్తా."

ఆ రాత్రీ, మరుసటి రోజూ ఆమె రెండు వందల ఎనిమిది పేజీలూ వరసగా చదివింది. ఆ మాట ఎక్కడా లేదు. ఫోటో తీయడంలో ఏదన్నా పేజీ పోయిందేమోనని అంకెలు సరిచూసింది. ఒక్కటీ పోలేదు. ఉంది అని చెప్పేద్దామా అని చాలాసార్లు అనుకుంది. చెబితే ఆయన సరిచూసుకోలేడు. అదే ఆమెకు అడ్డమొచ్చింది. సరిచూసుకోలేని మనిషికి అబద్ధం చెప్పలేకపోయింది.

"లేదు సిన్నాయనా. అంతా సూసినా."

ఆయన మామూలుగానే అన్నాడు, "నీ కంటికి ఆనలేదేమో పాపా. ఉండు, నేను సూస్తా."

కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. నాలుగు అడుగులు. బీరువా తలుపు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు, చాలాసేపు. ఆ తర్వాత అది కూడా ఆగిపోయింది. నందిని బస్టాపులో ఫోను చెవికి ఆనించుకునే ఉంది. రెండు బస్సులు పోయాయి. కాసేపటికి మునెమ్మ ఫోను తీసుకుంది.

"రేపు సేస్తువులేమ్మా," అంది.

మర్నాడు చేస్తే ఆయన తీయలేదు. ఆ మరుసటి రోజూ తీయలేదు. ఐదో రోజు తీశాడు.

"ముప్పై ఏండ్లు ఆ మాట కోసరమే దాన్ని సదివినా," అన్నాడు. "నేనే కల్పించుకున్నానో, నువ్వు సరిగ్గా సూడలేదో, నాకు తెలిసే దోవ లేదు. ఇంక సదవొద్దు పాపా. ఎవురో టిక్కెట్లు కొడతా ఉంటే బస్సులో కూర్చోనుండే మాదిరి ఉండాది నాకు."

"ఇంకో పుస్తకం సదువుతా. మీకు తెలీని కొత్తది."

"వొద్దు."

ఆ ఆదివారం ఆమె జరిగినదంతా మిగతా ఇద్దరికీ చెప్పింది. భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురమూ వంతులవారీగా ఆయనకు ఫోను చేద్దామని బాలసుబ్రమణ్యం అన్నాడు. చేశారు కూడా. ఆయన భారతమ్మను పాల రేటు అడిగాడు, బాలసుబ్రమణ్యాన్ని మామిడి కాపు అడిగాడు. పుస్తకం మాట ఎత్తితే, మునెమ్మ పిలుస్తా ఉండాది అని పెట్టేసేవాడు. మరుసటి నెలలో ఆయన పేరు బృందం జాబితాలోంచి పోయింది. ఇంట్లో ఎవరి చేతనైనా ఆయనే తీయించుకున్నాడో, మునెమ్మే తీయించిందో తెలియలేదు.

ఆడికాసర పండక్కి ముందు మునెమ్మ ఫోను చేసింది. పుస్తకాలన్నీ పాత పేపర్లాయనకు ఏసేసినాడమ్మా, అంది. మూడు గోతాలు అయినాయట.

"ఆ అట్ట లేనిదో?"

"అన్నీ ఏసినాడు. నేను అట్ట లేనిది ఒగటి తీసి దాపెట్టినా. ఏదో తెలీక తీసినా. నాకు సదువు రాదు గదా. నిన్న మనవరాలికి సూపిస్తే బస్సు టైములు ఏసిన పుస్తకమంట."

నందిని ఏదో మాట్లాడి పెట్టేసింది. తన ఫోనులో ఆ నవల ఫోటోలు ఉన్నాయి. అచ్చు వేయించి పంపిద్దామని ఒకసారి అనుకుంది. పంపితే ఆయన ఏం చేసుకుంటాడు.

బృందం ఇంకో ఐదు వారాలు నడిచింది. భారతమ్మ కూతురి కాన్పని రావడం మానేసింది. ఆఖరి ఆదివారం బాలసుబ్రమణ్యం, నందిని ఇద్దరే ఉన్నారు. ఆయన ఒక నవల చదివి వచ్చాడు. పది నిమిషాలు దాని గురించి చెప్పాడు. నందిని విన్నది గానీ ఏం చెప్పాడో మనసులో నిలవలేదు. ఆమె చదివి ఎన్నో వారాలైంది. పేజీ తెరిస్తే కళ్ళు వాక్యం మీద పోతాయి, చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. పైగా ప్రతి మంచి మాట దగ్గరా ఆగిపోతుంది. ఇది నిజంగా ఇక్కడ ఉందా అని మళ్ళీ చూస్తుంది. మళ్ళీ మళ్ళీ చూస్తుంది.

"వచ్చే వారం ఏం పెట్టుకుందాం నందినమ్మా?" అన్నాడు బాలసుబ్రమణ్యం.

"మెసేజి పెడతానన్నా," అంది. పెట్టలేదు. ఆయన కూడా అడగలేదు.

వానాకాలంలో ఒకసారి సత్యవేడుకు ఫోను చేసింది. దేవరాజులే తీశాడు. గొంతు కొంచెం ముద్దగా ఉంది. ఆమెను గుర్తుపట్టాడు. ఈడ బాగా వానలు, మీకు ఉండాయా అని అడిగాడు. ఉండాయి అంది. పిల్లోళ్ళు బాగుండారా అన్నాడు. ఆమెకు పిల్లలు లేరు, ఆ సంగతి ఆయనకు తెలుసు. బాగుండారు సిన్నాయనా అంది.

"బాగుండు పాపా," అని ఆయన ఫోను పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేయలేదు.