దక్షిణ సముద్రం మీది ఆకాశం

నక్షత్రశాలకు ఆ రోజు సెలవు. గోపురం కింద కుర్చీలన్నీ ఖాళీ. తలుపు సందులోంచి మధ్యాహ్నపు ఎండ సన్నగా వచ్చి తివాచీ మీద పిల్లిలా పడుకుంది. ఆకాశాన్ని చూపించే ప్రోగ్రామును సి భాషలో రాసిన అమ్మాయి, తన బాబాయిని చెయ్యి పట్టుకుని నడిపించి మధ్య వరసలో కూర్చోబెట్టింది.

బాబాయి ఓడల్లో చుక్కాని పట్టిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఒడ్డున పడ్డాడు. ఒకసారి దక్షిణ సముద్రం మీద ఓడలోని వంటవాడు జ్వరంతో పోతే, శవాన్ని నీళ్లకు అప్పగించారు. ఆ వేళ చుక్కాని వదలలేక బాబాయి తన ప్రాణస్నేహితుడైన ఆ వంటవాణ్ణి కడసారి చూడలేదు. తలెత్తి చుక్కలను మాత్రం చూశాడు. ఆ చుక్కలు ఇక్కడ నడినెత్తికి రావు.

“ఒక్కసారి ఆ ఆకాశం చూపిస్తావటే తల్లీ?” అని మొన్న అడిగాడు.

అదెంత పని అనుకుంది. ఏ చోటి ఆకాశం చూపాలో ప్రోగ్రాములో రాసి లేదు. మొదలవుతూనే అది గెట్‌ఎన్వ్ అనే ఫంక్షన్‌ను పిలిచి, బయటినుంచి అందే విలువల్లో, అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో, ‘చోటు’ అనేదానిలో ఏముందో చదువుకుంటుంది. అందుకని సెట్‌ఎన్వ్‌తో ఆ విలువను మార్చే చిన్న ప్రోగ్రాము ఒకటి రాసి నడిపింది. ఆ ప్రోగ్రాములోనే మళ్లీ చదివి చూస్తే దక్షిణ సముద్రమనే వచ్చింది. తృప్తిగా గోపురం ప్రోగ్రామును మొదలుపెట్టింది.

పైన సప్తర్షులు వెలిగారు.

“ఇది మన మేడ మీద కనపడేదేగా! టిక్కెట్టు దండగ,” అన్నాడు బాబాయి.

“ఉండు బాబాయ్, నేను మార్చాను. ఎక్కడికి పోయిందో!”

కాసేపు కంప్యూటరు తెరకేసి చూసి, నుదురు కొట్టుకుని నవ్వింది. “ప్రతి ప్రోగ్రాముకీ, దాన్ని పుట్టించిన ప్రోగ్రాము తన విలువల నకలు ఒకటి ఇస్తుంది. నా చిన్న ప్రోగ్రాము తన నకలు మార్చుకుని, పని అయ్యాక పోయింది. నకలూ దాంతోనే పోయింది. గోపురానికి ఆ కబురే తెలీదు.”

“నీ కంచంలో ఉప్పేసుకుని, గిన్నెలో కూర మారలేదేమంటావన్నమాట.”

“అచ్చం అంతే! వంటవాడి స్నేహం ఊరికే పోలేదు నీకు.”

“మరెలా?”

“విలువ మార్చిన ప్రోగ్రామే గోపురం ప్రోగ్రామును పుట్టించాలి. అప్పుడు బిడ్డకి మారిన నకలు వస్తుంది.”

చిన్న ప్రోగ్రాములో, విలువ మార్చాక గోపురం ప్రోగ్రామును మొదలుపెట్టే వాక్యాలు చేర్చి, కంపైల్ చేసి నడిపింది. చీకటి పడింది. ఆ చీకట్లో నెమ్మదిగా త్రిశంకు నక్షత్రమండలం పైకి లేచింది. దాని దిగువన, దారి తప్పిన మబ్బు తునకల్లా రెండు తెల్లని మసకలు తేలాయి. చుక్కలు కదులుతుంటే కుర్చీలే ఊగుతున్నట్టనిపించింది. ఎక్కడినుంచో నీటి చప్పుడు వింటున్నట్టు బాబాయి చెవి ఒగ్గాడు. చేతులు రెండూ వాటంతట అవే ముందుకు సాగి, లేని చుక్కానిని పట్టుకున్నాయి. చాలాసేపటికి ఒక్కో వేలూ విప్పి వదిలేశాడు. లేచి నిలబడ్డాడు.

“ఒరేయ్, ఆవేళ రాలేకపోయానురా,” అన్నాడు మెల్లగా. “ఇప్పుడొచ్చాను.”

అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఆయనను ఆనుకుని నిలబడింది.

కాసేపయ్యాక బాబాయి అడిగాడు: “రేపొచ్చే పిల్లలకి కూడా ఇదే కనిపిస్తుందా?”

“లేదు బాబాయ్. ఇది ఆపేస్తే ఆ మార్పూ పోతుంది. రేపు మళ్లీ మన ఊరి ఆకాశమే.”

“మంచిదేలే,” అని మళ్లీ కూర్చుని, పక్క కుర్చీ తట్టాడు. “అయితే ఇంకాసేపు ఉండనీ. నువ్వూ కూర్చో.”