నల్లటేపు కింద

పెంచలకృష్ణకు నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. తొడలమీద ఇనప పైపు పడి అప్పటికి గంట దాటింది.

ఉప్పుకాలువ నుంచి మస్తానయ్య రొయ్యల గుంటకు నీళ్లు తోడే పైపు అది. ఒక కొస గట్టుమీది మోటారుకు బిగించి ఉంది, రెండో కొస కాలువలో. దానికి పట్టిన నాచు తీద్దామని పెంచలకృష్ణ పొద్దున దిగాడు. పైపును మోసే తాటిదుంగ పుచ్చిపోయిందేమో చూసుకోవద్దా? చూసుకోలేదు. చూసుకునే రకమైతే ఈ కథే లేదు. దుంగ విరిగి, పైపు వచ్చి మనిషిని బురదలో కూలేసింది. కాళ్లు విరగలేదు గానీ కదల్లేడు. అవతల సముద్రం పోటెక్కుతోంది.

పక్క గుంటల వాళ్లు నలుగురు దిగి ఎత్తబోయారు. గట్టుమీది కొస మోటారుకు బిగించి ఉండగా పైపు ఎట్లా లేస్తుంది? బోల్టులు ఉప్పుగాలికి తుప్పుపట్టి స్పానరుకు లొంగలేదు. గట్టు దగ్గరే పైపును కోసెయ్యాలి, వేరే దారి లేదు. మస్తానయ్య దుర్గకు ఫోను చేశాడు.

దుర్గ పెంచలకృష్ణకు సొంత అక్క. చుట్టుపక్కల ఏ గుంట దగ్గర పైపు కోయాలన్నా ఆమె రంపం మిషను రావాల్సిందే. బ్లేడు ముందుకూ వెనక్కూ సర్రుసర్రున ఆడే కరెంటు రంపం అది. దాన్ని ఆమె పసిబిడ్డలా చూసుకుంటుంది. ఉప్పునీళ్ల దగ్గర పని చేసొస్తే ముందు దాన్ని తుడిచి, గాలి కన్నాల్లో దుమ్ము దులిపి, బ్లేడు ఊడదీసి నూనె రాసిన తర్వాతే తను అన్నం తింటుంది. పనికి ముందు వైరు మొత్తాన్ని, ప్లగ్గు నుంచి మిషను దాకా, గుప్పిట్లోంచి జారవిడిచి చూడందే కరెంటు ఇవ్వనివ్వదు. వైరుకు జోల పాడుతోందని జనం ఎగతాళి చేసేవాళ్లు. అందరికంటే ఎక్కువ చేసింది తమ్ముడే.

మొన్న అక్క ఇంట్లో లేనప్పుడు ఆ తమ్ముడే మిషను పట్టుకుపోయి ఎవరికో ప్లాస్టిక్ పైపులు కోసిపెట్టాడు. కోస్తుంటే బ్లేడు ఎగిరి వైరుమీద పడింది. మిషనుకు మూరెడు దూరంలో రబ్బరు చీలి రాగి బయటపడింది. చెప్తే చీవాట్లు తప్పవు. ఇదివరకే ఒకసారి ఆపకుండా నడిపి మిషను మోటారులోని కార్బన్ బ్రష్షులు కాల్చిన ఘనుడు. అందుకని రెండు చుట్లు నల్లటేపు వేసి, కొత్తగా కనబడకుండా దానిమీద బురద పులిమి, వైరు చుట్టి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఎంత తెలివో చూడండి.

నిన్న సాయంత్రం దుర్గ వైరు చుట్ట తను వేసినట్టు లేదని పట్టేసింది. తమ్ముణ్ణి పిలిచి అడిగింది. అతను తొణక్కుండా బెణక్కుండా ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టాడు.

"నీ మీద ఒట్టు అక్కా, నేను ముట్టుకోలా."

ఆమె నమ్మింది. తన నెత్తిన చెయ్యి పెట్టి తమ్ముడు అబద్ధమాడతాడని ఏ అక్క అనుకుంటుంది?

ఇప్పుడు దుర్గ బండి గట్టుమీద పడేసి పరుగెత్తుకొచ్చింది. నీళ్లలో తమ్ముడి తల చూసేసరికి ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. సన్నపళ్ల బ్లేడు బిగించింది. ప్లగ్గు మస్తానయ్య చేతికిచ్చి కరెంటు ఉన్న షెడ్డులోకి పరుగెత్తించింది. వైరును మాత్రం గుప్పిట్లోంచి జారవిడవలేదు. ఆమె అది మరిచిపోవడం పెంచలకృష్ణ ఎన్నడూ చూడలేదు.

చెప్పాలి. చెప్తే వైరు కోసి అతకాలి, పది నిమిషాలు పోతాయి. నీళ్లు భుజాలు తాకుతున్నాయి. టేపు వేశాం కదా, ఆగుతుందిలే అనుకున్నాడు. ఇంతమందిలో అబద్ధాలకోరునని ఎట్లా చెప్పుకోవడం అనీ అనుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా పరువు చూసుకునే మనుషులుంటారు, ఇతను ఆ బాపతు.

బురదలో జారుతోందని దుర్గ చెప్పులు విడిచేసింది. తడి పైపుమీద మోకాలు ఆనించి మిషను ఎత్తింది. వైరు పైపుమీద పడింది. తడికి టేపు కొస ఊడి వేలాడుతోంది. పెంచలకృష్ణకు ఇంకేమీ కనబడలేదు. ఆ పైపు తన తొడలమీద ఉంది, అక్క మోకాలి కింద కూడా ఉంది. నిన్న చెయ్యి పెట్టి ఒట్టేసింది ఆ అక్క నెత్తిమీదే.

"వేసేదా?" అని షెడ్డులోంచి మస్తానయ్య అరిచాడు.

"వెయ్యబాకండి!" పెంచలకృష్ణ గొంతు చిరిగిపోయింది. "అక్కా, వైరు తెగుండాది. నేనే తెగ్గోసినా. టేపు కింద రాగి ఉండాది."

దుర్గ ప్లగ్గు పీకించి, టేపు ఒలిచి చూసింది. రాగి తళతళలాడుతోంది.

"ఒట్టేసినావు గదరా," అంది.

తెగినచోట వైరును కత్తిరించేసింది. పళ్లతో రబ్బరు ఒలిచి, తీగలు మెలిపెట్టి, ఒక్కో తీగకు వేరుగా టేపు చుట్టింది. కానివ్వమని అందరూ తొందరపెడుతున్నారు. ఒకతను నీళ్లలో కూచుని పెంచలకృష్ణ తలను పైకి ఎత్తి పట్టుకున్నాడు, అలలు అప్పటికే పెదాలకు కొడుతున్నాయి. దుర్గ అతుకును వెదురుగెడకు కట్టి ఒకరిచేత ఎత్తి పట్టించింది. అందరినీ నీళ్లలోంచి పైకి రమ్మంది. తల పట్టుకున్నవాడు మాత్రం రానన్నాడు. చెప్పులు వేసుకుంది, పొడిపలక తెప్పించి దానిమీద నిలబడింది. అప్పుడు వైరు మొత్తం, ఈ కొస నుంచి ఆ కొసకు, గుప్పిట్లోంచి జారవిడిచింది. పెంచలకృష్ణకు ఆ కాస్సేపు ఒక యుగమైంది. త్వరగా కానివ్వమని అతను మాత్రం అనలేదు.

కరెంటు వచ్చింది. బ్లేడు ముందుండే ఇనప పాదాన్ని పైపుకు గట్టిగా ఆనించి, నిదానంగా కోసింది. వేగం పెంచితే ఇనుముకు బ్లేడు పళ్లు రాలిపోతాయి, ఇంకో బ్లేడు బిగించే టైము లేదు. మధ్యలో రెండుసార్లు ఆపి నూనె చుక్కలు వేసింది. నీళ్లు పెంచలకృష్ణ ముక్కులోకి పోయాయి. ఉమ్మేశాడు, మళ్లీ పోయాయి. పైపు టక్కున తెగింది. ఆమె ప్లగ్గు పీకించాక నలుగురూ నీళ్లలోకి దూకి పైపు ఎత్తారు.

అతన్ని గట్టుమీద పడుకోబెట్టారు. దుర్గ ముందు మిషన్ను కొంగుతో తుడిచి, పొడిచోట పెట్టింది. అప్పుడు తమ్ముడి పక్కన కూలబడి, అతని బురద చేతిని పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"నిన్న పెట్టినావే ఒట్టు. తియ్యి."

"తీసేసినా అక్కా," అంటూ పెంచలకృష్ణ బావురుమన్నాడు. ఆమె నెత్తిమీది చెయ్యి మాత్రం చాలాసేపు తియ్యలేకపోయాడు.