పంపినాక ఊడవని వాకిలి

పులికాట్ సరస్సు మధ్య రోడ్డు మీద నడుస్తున్నాను, రెండు వైపులా ఉన్నది నీరో ఆకాశమో తెలియడం లేదు, కొంత దూరం పోయేసరికి ఆ రోడ్డే మా ఇంటి వాకిలి అవుతుంది, ఆ వాకిలికి అంచు లేదు, కింద ఎక్కడో నీలంగా భూమి తిరుగుతూ ఉంది. నా చుట్టూ రేకు ముక్కలు, వైర్లు, రంగు పెచ్చులు, ఎవరిదో ఒక తెల్లటి చేతితొడుగు, అన్నీ చప్పుడు లేకుండా తేలిపోతున్నాయి. వాటి మధ్య మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఏదో వెతుకుతున్నారు. ఆయన చనిపోయారని నాకు తెలుసు. ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి, దగ్గరికి పోయి ఊరికే నిలబడతాను.

"కళ్లద్దాల స్క్రూ," అంటారు తలెత్తకుండా. "వచ్చినాక వెతుకుదాం అంటివే."

ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు అద్దాల కాడ ఊడిపోతే, నేనే తెల్ల దారంతో కట్టి పెట్టాను.

"ఇంత చెత్తలో అంత చిన్నది ఏం కనబడుతుందండీ?"

"చిన్నదనే గదా టీచరమ్మా భయం."

బతికుండగా ఆయన ఉద్యోగం అదే, రాడార్ ముందు కూర్చుని, పైన తిరిగే పాత ఉపగ్రహాల ముక్కలు పనిచేసే వాటికి ఎదురు రాకుండా కనిపెట్టడం. ఇప్పుడూ అదే చెబుతున్నారు, మా బడి పిల్లలకు ఒకసారి వచ్చి చెప్పినట్టుగానే, అక్కడ ఒక స్క్రూ తూటా కన్నా వేగంగా పోతుందని, అది తగిలి పగిలినది ఎన్నో ముక్కలవుతుందని, ఆ ముక్కలు పోయి ఇంకోదాన్ని పగలగొడతాయని. చెబుతూ ఉండగానే ఆయన ఒంటి మీది ఆసుపత్రి చొక్కా పాత నీలం చొక్కా అవుతుంది.

వాకిలి మూల చీపురు ఉంది. నేను దాని వైపు చూడను. ఇంట్లోంచి మనిషి బయలుదేరితే, చేరినట్టు కబురు వచ్చేదాకా ఊడవకూడదని మా అత్తమ్మ నియమం, ఊడిస్తే ఆ మనిషి తిరిగి రారట. రాకెట్ పంపిన రోజుల్లో ఆయన అన్నం తింటూ, "మేం గూడా నీ మాటే వింటన్నాంలేమా, పంపినాక ఊడిచేదే లేదు," అనేవారు. అత్తమ్మ అది మెచ్చుకోలనుకుని ఇంకో గరిటె పప్పు వేసేది. ఆంబులెన్స్ కదిలిన నాటి నుంచి ఆయన గది నేను ఊడవలేదు. ఆడబిడ్డ వచ్చి తలుపు తీస్తే మళ్లీ వేశాను.

"గది అట్నే పెట్టినావా?" అంటారు, నేను అనుకున్నది వినబడినట్టు.

"అట్లాగే ఉంది."

"పాప యాడ చదువుకుంటోంది మరి?"

మా ప్రణవి పరీక్షలకు వసారాలో చాప వేసుకుని చదువుకుంటోంది, ఆ గది అడిగితే నేను తలుపు తీయలేదు. ఒక రేకు ముక్క మా ఇద్దరి మధ్య నుంచి మెల్లగా దాటి, మళ్లీ తిరిగి అదే దారిన వస్తుంది.

"అమ్మ చెప్పింది తిరిగొచ్చేవాళ్ల కోసం, హైమా. తిరిగిరాని వాటెనక ఊడవకపోతే, తర్వాత పోయేవాళ్లకి దారుండదు."

"ఊడిస్తే మీరు పోతారు."

"పోయినా గదా," అంటారు, లెక్క తప్పిన పిల్లకు చెప్పినంత నెమ్మదిగా. "చేరినాను కూడా. ఆ కబురు చెప్దామనే వచ్చినా."

ఏదో అడగాలని నోరు తెరుస్తాను, మాట బయటికి వచ్చి అక్కడే తేలుతుంది, తెల్లటి చేతితొడుగు దాన్ని నెట్టుకుంటూ పోతుంది, ఆయన చీపురు అందిస్తున్నారు, నేను అందుకుంటున్నాను.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లవారింది. వసారాలో ప్రణవి పైకి చదువుకుంటోంది. ఆయన గది తలుపు తీసి, కిటికీ తెరిచి, మంచం కింద నుంచి మొదలుపెట్టాను. మొదటి ఊడుపుకే దుమ్ములో ఏదో మెరిసింది. వంగి చూస్తే, కళ్లద్దాల స్క్రూ. దాన్ని ఏరి కిటికీలో పెట్టి, మిగతా గది ఊడ్చాను.