రెండో చీటీ

భర్త చొక్కాలు అయ్యాక, కరుణశ్రీ అదే ఇస్త్రీపెట్టెతో పాత పేపర్లు వెచ్చబెట్టింది. వాటి మధ్య వారంగా అణిగి ఎండుతున్న ఓ కొమ్మ. కేరళ సతతహరిత అడవుల నుంచి ఎబినేజర్ తెచ్చిన పొద మొక్క, తెల్లటి పూలగుత్తితో. అతను బాపట్ల కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్. అతను తెచ్చిన మొక్కల్ని తెనాలి ఇంట్లో ఆరబెట్టడం, అట్టకు కుట్టడం, పక్కన మొక్క పేరుతో చీటీ రాసి అంటించడం ఆమె పని. ఆమెదీ ఎమ్మెస్సీ వృక్షశాస్త్రమే. ఆ సంగతి పెళ్లి శుభలేఖలో చివరిసారి అచ్చయింది.

రాలిన ఆకొకటి కిటికీ వెలుతురుకు ఎత్తింది. ఆకంతా నల్లటి చుక్కలు.

"ఏవండీ, ఇది ఇక్సోరా కాదండి. పావెట్టా. ఈ చుక్కలు చూడండి, ఇక్సోరా ఆకుకి ఉండవు."

"తెగులులే. గోంగూర ఏరే కళ్లకి అన్నీ పుచ్చులే కనబడతాయి," అని నవ్వాడు. "ఇక్సోరా అని రాసెయ్. రేపే రేపల్లెలో మొక్కల ప్రదర్శన. టిఫిన్ ఏంటి?"

వాదిస్తే పూటంతా పాడవుతుంది. రాసేసింది. 'గుర్తించినది: డాక్టర్ ఎబినేజర్.'

మర్నాడు అట్టలు సర్దడానికి ఆమెనూ రేపల్లె తీసుకెళ్లాడు. ప్రదర్శన చూడ్డానికొచ్చిన రిటైరైన వృక్షశాస్త్రం ప్రొఫెసర్ విజయమ్మ, అట్టకు అంటించిన చిన్న కవరులోంచి ఆ ఆకు తీసి వెలుతురుకు పెట్టింది.

"పావెట్టాని ఇక్సోరా అని రాశారెవరయ్యా?"

"మా మిసెస్ అండి. ఇంట్లో ఉండే మనిషి కదా, తెలీక..."

విద్యార్థులు కిసుక్కుమన్నారు. కరుణశ్రీకి చెవులు కాలిపోయాయి. నవ్వినందుకు కాదు. తెలీక రాసినా బాగుండేది. తెలిసే రాసింది, ఒక్క పూట గొడవ తప్పించుకోవడానికి. బీరువాలో ఇంకెన్ని అట్టల మీద ఇలా తలొంచిందో! తన అక్షరాల్ని తనే చూడలేకపోయింది.

"చింపేసి కొత్తది రాయిస్తానండి," అన్నాడు ఎబినేజర్.

"అదేం పని? పాత చీటీ చింపకూడదని తెలీదూ! పక్కనే కొత్తది అంటించాలి. గుర్తుపట్టిన మనిషి పేరు, తేదీ వేసి."

అతను అలవాటుగా పెన్ను భార్యకు అందించాడు. "నా పేరు వెయ్యి," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె రాసింది. 'పావెట్టా. గుర్తించినది: కరుణశ్రీ.' కింద నిన్నటి తేదీ.

"ఇదేంటి? నిన్నటిదా?"

"నేను గుర్తుపట్టింది నిన్నేనండి," అంది, విజయమ్మకు కూడా వినపడేలా.

గమ్ము రాసి పాతదాని పక్కనే అంటించింది. రెండు చీటీలదీ ఒకే చేతిరాత. చూసినవాళ్లకి తన తప్పు కూడా తెలిసిపోతుంది. తెలియనీ, అనుకుంది.