బండి షెడ్డుకు చేరాలి

నన్ను జట్టులోకి తీసుకున్నది నా గొప్ప చూసి కాదు, మూడో మనిషి దొరక్క. ఆరు గంటల పందెంలో ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు ఉండాలని నియమం. కారంటే నిజం కారు కాదు, కంప్యూటర్లో కారు. స్టీరింగూ పెడళ్లూ మాత్రం నిజమైనవే, బల్లకు బిగించుకుంటాం. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని నలభై కార్లను ఒకే ట్రాక్ మీద తిప్పుతారు. ఒకరి వంతు అయ్యాక కారును పిట్‌లో, అంటే ట్రాక్ పక్కనుండే షెడ్డులో ఆపితే, ఇంకొకరు తమ ఇంట్లోంచే అందుకుంటారు.

మా కారుకు ఒక డ్రైవరు మా అల్లుడు. లిఫ్టులు బాగుచేస్తాడు. రెండోవాడు ఎక్కడో మందుల షాపు నడుపుతాడు. మొహం చూడలేదు, ఇయర్‌ఫోన్లో గొంతే విన్నాను. వాగుడు ఆపడు కాబట్టి సైలెన్సర్ అని పేరు పెట్టాను. మూడోదాన్ని నేను, ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపినదాన్ని.

"నడిపినదాన్ని" అనాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పోయిన ఏడాది కంటి పరీక్షలో దూరపు చూపు ఆనలేదన్నారు. సరే, రూలు రూలే. ఆ కాగితమేదో డిపోలో ఇచ్చి ఏడవచ్చుగా? సగం ట్రిప్పులో, ఆస్పత్రి స్టాపు దగ్గర ఇన్‌స్పెక్టరు బస్సు ఆపి, కిటికీలోంచి చెయ్యి చాపి తాళం అడిగాడు. ముప్పై మంది ప్యాసింజర్లు చూస్తూ కూర్చున్నారు. ఇంకో డ్రైవరు ఎక్కాడు. నేను నా బస్సులోనే వెనక సీట్లో కూర్చుని వెళ్లాను. అన్నేళ్లూ ప్రతిరోజూ బండిని షెడ్డులో పెట్టి, గుమాస్తా చేతిలో తాళం పెట్టి, "బండి వచ్చింది" అని చెప్పాకే ఇంటిముఖం పట్టినదాన్ని. ఆ ఒక్క ట్రిప్పు అలా మధ్యలో ఉండిపోయింది. ఇప్పుడు డిపోలోనే, ప్యాసింజర్లు మర్చిపోయిన గొడుగులకు కాపలా కాస్తున్నాను.

ఈ సంగతి అల్లుడికి ఒకసారి చెప్పాను. వారం తర్వాత తన పాత స్టీరింగు తెచ్చి హాల్లో నా కుట్టుమిషను బల్లకు బిగించాడు.

"తెర మూరెడు దూరంలో ఉంటుంది అత్తయ్యా. దూరపు చూపుతో పనే లేదు" అన్నాడు.

మొదటి పందెంలో నా నిర్వాకం వినండి. ట్రాక్ మీద రెండు రకాల కార్లు ఉంటాయి. మాది నెమ్మది రకం. వేగం రకంవి వెనకనుంచి వచ్చి దాటిపోతుంటాయి. అద్దంలో అలాంటిదొకటి కనిపించింది. అంబులెన్సుకు ఇచ్చినట్టే మర్యాదగా ఎడమకు తప్పుకుని దారి ఇచ్చాను. వాడూ సరిగ్గా అటే వచ్చాడు. రెండు కార్లూ గోడకు కొట్టుకున్నాయి. నలభయ్యో నిమిషంలో పందెం ముగిసింది.

"దారి ఎవరిమ్మన్నారు ఆంటీ మిమ్మల్ని?" అని సైలెన్సర్ మొత్తుకున్నాడు.

"వెనకవాడు తొందరలో ఉంటే తప్పుకోవడం మర్యాద కాదా?"

"మర్యాదే అత్తయ్యా, రోడ్డు మీద" అన్నాడు అల్లుడు. "ఇక్కడ మన గీత మీద మనం పోవాలి. దాటుకోవడం వెనకవాడి తంటా. మనం ఎటు పోతామో వాడికి ముందే తెలియాలి. అంతే."

ఆ తర్వాత నేను వెళ్లిపోయాననుకుని సైలెన్సర్ అన్న మాట కూడా నా చెవిన పడింది. "మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు గురూ. వచ్చే పందెం కూడా పూర్తి కాకపోతే అతన్ని పెట్టుకుందాం."

"వచ్చే పందెం కానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు అల్లుడు.

ఆ మాటకు నాకు కోపం కాదు, భయం వేసింది. ఎన్నో స్థానం వస్తే నాకెందుకు? మొదలుపెట్టిన బండిని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చివరిదాకా చేర్చాలి. మళ్లీ సగంలో దించేస్తే నేను తట్టుకోలేను.

నెల రోజులు, పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు సాధన చేశాను. అల్లుడు వేగం కారేసుకుని వెనక నుంచి మీదమీదకు వచ్చేవాడు.

"ఛీ, దొంగ మొహమా!" అని ఒకసారి అరిచేశాను. "నిన్ను కాదు బాబూ, కారుని."

"కారుకు వినిపించింది లెండి" అన్నాడు.

పందెం ఆదివారం తొమ్మిదింటికి మొదలైంది. అల్లుడు తన గదిలో, నేను హాల్లో. అతని మాట ముందు గోడలోంచి, తర్వాత ఇయర్‌ఫోన్లో వినిపించేది. పెడళ్లు వెనక్కి జారకుండా గోడకు ఇటుక అడ్డం పెట్టాను. మొదటి రెండు గంటలూ సైలెన్సర్ నడిపాడు. మూడో గంట నాది. ఒక్కొక్కరూ కనీసం ఇరవై ఐదు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ ఇరవై ఐదు చుట్లు తిప్పాలి, నా వేగానికి అది సరిగ్గా గంట. నా వంతులో ఎవరో గుద్దుకుంటే పసుపు జెండా ఊపారు. కాసేపు కార్లన్నీ నెమ్మదిగా బారులు తీరి నడిచాయి. గంట కాగానే కారుకు చిన్న గీత కూడా పడకుండా అల్లుడికి అప్పజెప్పాను.

మా అమ్మాయి ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్లు ఇచ్చింది. "అమ్మా, మధ్యమధ్యలో ఊపిరైనా పీల్చుకున్నావా?" అంది.

ఇక నా పని అయిపోయిందని బట్టలు మడతపెడుతున్నాను. అరగంట మిగిలింది. అల్లుడు పదో స్థానంలో ఉన్నాడు. అప్పుడు సైలెన్సర్ గొంతు వినిపించింది, అదీ మెల్లగా.

"కొంప మునిగింది గురూ. ఆంటీవి ఇరవై ఒక్క ల్యాపులే. నేను గంట లెక్కేశాను, పసుపు జెండా సంగతి మర్చిపోయాను. ఇంకో నాలుగు తిప్పకపోతే మన కారును లెక్కలోంచి తీసేస్తారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇన్నాళ్లూ నాకు పాఠాలు చెప్పావు. ఇరవై ఐదు దాకా లెక్కపెట్టడం రాలేదా నాయనా?" అన్నాను.

"పావుగంట ఉందనగా పెట్రోలుకు ఎలాగూ ఆగాలి" అన్నాడు అల్లుడు. "అక్కడ మీకు ఇచ్చేస్తాను అత్తయ్యా. చివరిదాకా మీరే."

నిండా మునిగాక చలేమిటి అనుకుని కూర్చున్నాను. మా రకం కార్లవాళ్లే నలుగురు దాటిపోయారు. పోనీ, పోయినవాళ్లు బాగుపడతారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇరవై ఐదు నిండాయి. ఐదోదీ అయింది. ఇక ఆఖరి ల్యాపు.

పొడుగు మలుపులో అద్దం నిండా వెలుగు. వేగం రకంలో మొదటి స్థానం కోసం కొట్టుకుంటున్న రెండు కార్లు, పక్కపక్కనే, నా మీదకే వస్తున్నాయి. నా ఎడమ చెయ్యి లాగింది. ఇరవై ఆరేళ్ల అలవాటు, ఊరికే పోతుందా?

"నీ గీత మీద నువ్వు పో" అని పైకే అనుకున్నాను. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. ఒకటి ఎడమనుంచి, ఒకటి కుడినుంచి దూసుకుపోయాయి. నడుమ నేను పాపిడిలా తిన్నగా పోయాను.

ముగింపు జెండా పడింది. పద్నాలుగో స్థానం. గోడ అవతల అల్లుడు కేక పెట్టాడు. సైలెన్సర్ కాసేపు నోరెత్తలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి.

"బాగా నడిపారు ఆంటీ" అన్నాడు చివరికి.

"ఆంటీ కాదు, డ్రైవరుగారూ అను."

"బాగా నడిపారు డ్రైవరుగారూ. మా బావమరిదికి వేరే పని చూస్తాలెండి. ఇక బటన్ నొక్కి బయటికొచ్చేయండి, పందెం అయిపోయింది."

నిజమే, తక్కిన కార్లన్నీ ఒక్కొక్కటిగా తెర మీంచి మాయమవుతున్నాయి. ఎవరి పనులు వాళ్లకుంటాయి.

"బండి ఇంకా షెడ్డుకు చేరలేదు నాయనా" అన్నాను.

ఖాళీ ట్రాక్ మీద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. పిట్‌లోకి తీసుకొచ్చి మా గీతల మధ్య తిన్నగా పెట్టి, ఇంజను ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. స్టీరింగు మీద చేతులు తీయబుద్ధి కాలేదు.

తల తిప్పి చూస్తే అల్లుడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. కుడి అరచెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వండి అత్తయ్యా."

ఆ కారుకు తాళం ఎక్కడుంది, నా మొహం! అయినా లేచి నిలబడ్డాను. ఖాళీ పిడికిలి అతని అరచేతిలో పెట్టి విప్పాను.

"బండి వచ్చింది" అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు.

అతను వేళ్లు ముడిచి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.